‘సి’ విటమిను చరిత్రలో పొదిలి సీమ

క్రీ.శ. 1937వ సంవత్సరమున రెండు సంగతులు జరిగినవి. అందొకటి లోకమంతయు నెరిగినది; రెండవదానిని పొదిలి సీమవారే చాలవరకు మరచినారు. పుల్లని పండ్లలోను పచ్చి యాకులలోను దాగియుండు ‘సి’ విటమిను గుట్టు బయటపెట్టిన హంగరీ దేశపు పండితుడు ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీకి వైద్యశాస్త్రమునందును, ఆ పదార్థపు నిర్మాణమును తేల్చిన ఇంగ్లండు రసాయనజ్ఞుడు వాల్టర్ హావర్త్‌కు రసాయనశాస్త్రమునందును ఆ యేడు నోబెల్ బహుమానములు లభించినవి. అదే యేడు మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు చెందిన షార్ట్ దొర, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అను వైద్యులతో కలిసి, నెల్లూరు జిల్లా పల్లెల జనమును పీడించుచున్న యొక జాడ్యమును పరీక్షించి, ఎక్స్‌రే పటములలో వారి వెన్నెముకలను చూచి, ఇది త్రాగునీటిలోని ఫ్లోరిను వలన కలిగిన ఎముకల వ్యాధియని ప్రకటించిరి. మన దేశమున మనుష్యులకు ఫ్లోరోసిస్ కలదని తెలిపిన తొలి వైద్యపత్రము అదియే.

నెల్లూరు జిల్లా యనగానే పెన్న యొడ్డును, వరిమళ్లను తలచుకొనరాదు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు ఆనాడు ఆ జిల్లాలోనివే. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఈ మెట్టసీమలను, గుంటూరు జిల్లా నుండి విడదీసిన ఒంగోలు ప్రాంతమును చేర్చి క్రొత్త జిల్లా నేర్పరచిరి. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. కనుకనే తరువాతి వైద్యులు 1937 నాటి ఆ పత్రమును గూర్చి వ్రాయునపుడు, దేశమున మొదట ఫ్లోరోసిస్ బయటపడిన తావు ప్రకాశం జిల్లాయని వ్రాయుట పరిపాటియైనది. కీర్తి యనదగినది కాకపోయినను, చరిత్రలో స్థానము స్థానమే.

ఈ రెండు సంగతులకు నడుమ సంబంధమేమి యని చదువరి యడుగవచ్చును. సంబంధము 1940లో కుదిరినది. ఇప్పుడు దానిని మరల తవ్వి తీయుటకు కారణము కూడ నున్నది. కొంతకాలముగ ‘నేతిలో కరుగు సి విటమిను’ అను పేరిట మాత్రలు, గొట్టములు అమ్మకమునకు వచ్చినవి. సాధారణమైన సి విటమిను నీటిలో కరిగి మూత్రమున పోవుననియు, ఇది కొవ్వులో కరుగును గనుక ఒంట నిలుచుననియు, ఎముకలను, కీళ్లను చేరి బాగుచేయుననియు అమ్మువారు చెప్పుదురు. నడుము వంగి, మెడ త్రిప్పలేక, మంచము దిగుటకే యొకరి చేయి కావలసిన ముసలి తండ్రి యింటనుండగా, ఆ మాట విన్న కొడుకు చేతిలోని రూకలు ఖర్చు చేయకుండ ఉండగలడా? అందుచేత ఈ పదార్థమేమో, ఎచటనుండి వచ్చినదో, అది చేయగలిగినదేదో, చేయలేనిదేదో తెలిసికొనుట అవసరము.

ముందుగ జాడ్యము సంగతి. దీనిని మొదట కనిపెట్టినవారు వైద్యులు కారు, రైతులు. మొదట చూపినవి ఎడ్లు. బాగుగ మేత మేయు ఎద్దు కాడి క్రిందకు వచ్చుసరికి కీళ్లు బిగిసి, అడుగు తీసి అడుగు వేయలేక, సాలు మధ్య నిలబడిపోవుట రైతులు గమనించిరి. 1935లో విశ్వనాథన్ అను పరిశోధకుడు మద్రాసు రాజధానిలోని పశువులలో ఈ వికారమును గూర్చి నివేదిక వ్రాసెను. తరువాత రెండేండ్లకు షార్ట్ ప్రభృతులు మనుష్యులలో దానిని స్థిరపరచిరి. పిల్లల పండ్లపై తెల్లని మచ్చలు, పిదప గోధుమరంగు గార. నడివయస్సున కీళ్ల నొప్పులు. వయసు మళ్లుసరికి వెన్నెముక యొక కొయ్యవలె బిగిసిపోవుట. కొందరిలో వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోవుట. ఎముక పలుచబడుట గాక, అదనపు ఎముక పెరిగి బిగించుట ఈ జాడ్యపు విశేషము. ఈ సీమ రాతినేలలోని ఖనిజముల నుండి ఫ్లోరైడు భూగర్భజలమున దిగును. నీటిలో క్షారము హెచ్చు, సున్నము తక్కువయైనచోట మరింత దిగును. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. పొలమున పని చేయువాడు త్రాగు నీళ్లును ఎక్కువే. బావినీటి రుచిలో గాని రంగులో గాని ఏ తేడాయు తెలియదు.

ఇక 1940 సంగతి. కింగ్ ఇన్‌స్టిట్యూటులోనే పనిచేయుచున్న చింతామన్ గోవింద పండిట్ (స్వాతంత్ర్యానంతరము భారత వైద్య పరిశోధనా మండలికి తొలి డైరెక్టరు ఈయనయే), జలపరీక్షలో నిపుణుడైన రాఘవాచారి మొదలగువారితో కూడి ఈ ప్రాంతపు జాడ్యమును విపులముగ పరిశీలించెను. వారిని తికమకపెట్టిన ప్రశ్న యొకటి: ఫ్లోరైడు గల నీళ్లనే త్రాగు జనులలో కొందరికి పండ్లపై గారతోనే సరిపోగా, కొందరికి వెన్ను బిగిసిపోనేల? నీటిలోని ఫ్లోరైడు పాళ్లు ఒక్కటే దీనికి సమాధానము చెప్పలేకపోయినవి. తిండి సంగతి విచారించిరి. పేదరికము హెచ్చుగనుండి, ఆహారము చాలక, అందును ముఖ్యముగ సి విటమిను కొరవడిన జనులలో ఎముకల వికారము తీవ్రముగ నున్నట్లు వారికి కనబడినది. అదే యేడు పండిట్, నారాయణరావులు దక్షిణదేశపు కోతులకు ఫ్లోరిను పెట్టి పరీక్షలు చేసి, వాటి ఫలితములను వేరొక పత్రముగ వెలువరించిరి.

కోతి నేల ఎన్నుకొనిరి? ఎలుక చాలదా? ఇచట ఒక సూక్ష్మము కలదు. ఆవు, ఎద్దు, మేక, కుక్క, ఎలుక మొదలగు అనేక జంతువులు తమకు కావలసిన సి విటమినును తమ కాలేయముననే తయారుచేసికొనును. ఆ శక్తి లేనివి కొన్ని మాత్రమే: మనిషి, కోతి, గినీపంది, కొన్ని గబ్బిలములు. తరతరముల క్రిందటనే మనిషి ఆ విద్యను పోగొట్టుకొనెను. కనుక మన సి విటమిను అంతయు తిండినుండియే రావలెను. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక. చివర మరల పని పడును.

సి విటమిను చరిత్ర ఓడలలో మొదలైనది. నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పుమాంసములతో సముద్రయానము చేయు నావికులకు చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారి, పండ్లు ఊడి, పాత గాయములు తిరిగి పగిలి, తుదకు ప్రాణము పోయెడిది. దానినే స్కర్వీ యందురు. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు ‘సాలిస్‌బరీ’ యను యుద్ధనౌకపై అట్టి రోగులు 12 మందిని జతలుగ విడదీసి, జత కొక తీరు మందు పెట్టిచూచెను. నారింజలు, నిమ్మపండ్లు తిన్న జత త్వరలోనే కోలుకొనెను. ఇంత స్పష్టమైన ఫలితమును ఆంగ్ల నౌకాదళము అమలుపరచుటకు సుమారు 50 ఏండ్లు పట్టినది. దొరతనములు ఎక్కడనైనను దొరతనములే.

నిమ్మలోని ఆ గుణము ఏ పదార్థమునది యను ప్రశ్న ఇంకొక శతాబ్దమునకు పైగ నిలిచినది. 1928 ప్రాంతమున సెంట్ గ్యోర్గీ యొక పదార్థమును వేరుచేసి, అది చక్కెర జాతిదేమో యని తోచి, ‘నాకు తెలియదు’ అను నర్థము స్ఫురించునట్లు ‘ఇగ్నోజ్’ అని పేరుపెట్టెను. పత్రికా సంపాదకుడు ఒప్పుకొనలేదు. ‘దేవునికే ఎరుక’ యను నర్థము వచ్చునట్లు ‘గాడ్‌నోజ్’ అన్నాడు, అదియు చెల్లలేదు. తుదకు హెక్సురానిక్ ఆమ్లము అను గంభీర నామము స్థిరపడినది. పరీక్షలకు చాలినంత పదార్థము దొరకక ఇబ్బందిపడుచుండగా, ఒకనాటి రాత్రి భార్య వడ్డించిన మిరపకాయ తినుట కిష్టము లేక, దానిని ప్రయోగశాలకు పట్టుకొనిపోయి పరీక్షించెనని ఆయనే చెప్పెను. ఆయన నివసించు సెగెడ్ పట్టణము మన గుంటూరు వలె మిరపకు పేరుపడినది. ఆ కాయలలో రాసులుగ దొరికినది సి విటమిను. 1932లో సెంట్ గ్యోర్గీ, స్విర్బెలీలు హంగరీలోను, కింగ్ అను పండితుడు అమెరికాలోను ఆ పదార్థము, స్కర్వీని మాన్పు పదార్థము ఒక్కటేయని తేల్చిరి. 1933లో దానిని పండ్లతో పనిలేక రసాయనశాలలో తయారుచేయు మార్గమును రైక్‌స్టైన్ కనుగొనెను. నేటి మాత్రలలోని సి విటమిను చాలవరకు ఆ మార్గపు సంతతియే.

మన దేశమున ఈ విద్యకు పీఠము నీలగిరులలోని కూనూరు. మెకారిసన్ దొర నెలకొల్పిన ఆహార పరిశోధనశాలకు 1935 నుండి పదేండ్లు ఐక్రాయిడ్ అధ్యక్షుడు. దేశీయమైన కాయగూరలను, ఆకులను ఒక్కొక్కటిగ తూచి కొలిచి పట్టికలు వ్రాసినది ఆ శాలయే. ఉసిరికకు సాటివచ్చు ఫలములు మిగుల కొద్దియని తేలినది అప్పుడే. 1939–40లో పంజాబు హిస్సారు ప్రాంతమున క్షామము వచ్చి జనులకు స్కర్వీ సోకగా ఉసిరికతోనే నయము చేసిరి. ఆ కూనూరు శాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. దానితో మన సీమకు మరల పని పడినది. ఆ కథ తరువాత.

ఉసిరిక మాట వచ్చినపుడు చరకుని తలపకుండుట న్యాయము కాదు. చరకసంహిత చికిత్సాస్థానపు మొదటి అధ్యాయము రసాయనములను గూర్చినది. అందు చ్యవనప్రాశము కలదు. భారత అరణ్యపర్వమున సుకన్యకు భర్తయైన ముదుసలి చ్యవనునికి అశ్వినులు యౌవన మిచ్చిన కథ మనవారెరిగినదే. ఆ ఋషి పేరిటనే లేహ్యము. 500 ఉసిరికలను మూలికలతో నుడికించి, గింజలు తీసి, ఆ గుజ్జును 12 పలముల నూనె, నేతులలో వేయించి, పిదప పాకము పట్టవలెనని విధి. పులుపును నేతితో కలుపుట ఇచటనున్నది గదా, నేతిలో కరుగు సి విటమినును మన పూర్వులు రెండువేల యేండ్ల క్రిందటనే చేసిరి అని కొందరు ఉత్సాహవంతులు అనుటయు కలదు. పూర్వులపై భక్తి మంచిదే గాని, వారు అననిమాట వారి నోట పెట్టుట భక్తి కాదు. నేతిలో వేయించిన ఉసిరికలోని సి విటమిను నేతితో కలిసియుండునే గాని నేతిలో కరగదు. ఉప్పును నేతిలో వేసి ఎంత కలిపినను ఉప్పు ఉప్పుగనే అడుగున నుండును, ఇదియు అంతియే. పైపెచ్చు వేడికి కొంత నశించును. చ్యవనప్రాశపు గుణములు దానికున్నవి. వానికి ఈ ఎరువు తెచ్చిన బిరుదుతో పని లేదు.

నిజముగ నేతిలో కరుగు సి విటమిను పుట్టినది అమెరికాలో, రెండవ ప్రపంచయుద్ధ కాలమున. దాని నుత్పత్తి చేసినవారు వైద్యులు కారు. నూనెలు, కొవ్వులు చెడిపోకుండ చూచుటకు పూనుకొన్న వ్యవసాయశాఖవారు. నిలువ నూనెకు కనరువాసన వచ్చుట గానుగ నూనె వాడిన ప్రతి యింటివారికి తెలిసినదే. గాలిలోని ప్రాణవాయువు నూనెను పట్టుకొనుట వలన అట్లగును. సి విటమినునకు ఆ ప్రాణవాయువును తానే ముందుగ పట్టుకొని నూనెను కాపాడు గుణము కలదు. కాని నూనెలో కరుగదు గదా! అందుచేత దానికొక తోక తగిలించిరి. పామాయిలు మొదలగు వానియందు హెచ్చుగనుండు పామిటిక్ ఆమ్లము ఆ తోక. తల నీటిని కోరును, తోక నూనెను కోరును. ఫిలడెల్ఫియా సమీపపు ప్రభుత్వ ప్రయోగశాలలో స్వెర్న్, స్టిర్టన్ మొదలగువారు 1943లో ఈ సంగతి ప్రకటించిరి. పదార్థము పేరు ఆస్కార్బైల్ పామిటేటు. నూనె, బిస్కత్తు, చిరుతిండ్ల పొట్లములపై ‘304’ అను సంఖ్యతో కనబడునది ఇదియే. అనగా ఈ క్రొత్త మందును మనలో చాలమంది తెలియకయే కొద్దికొద్దిగ తినుచున్నారన్నమాట.

నూనె డబ్బాలో అది చేయు పని యథార్థము. అందు సందేహము లేదు. ఆ డబ్బాలోని గుణమును మనిషి కడుపులోనికి యథాతథముగ బదలాయించుటయందే చిక్కున్నది.

మొదట తూకము చూతము. సి విటమిను అణుభారము సుమారు 176. తోక తగిలించిన తరువాత మొత్తము సుమారు 414. కావున ఈ పదార్థము 1000 మిల్లీగ్రాములు కొన్నవానికి అందులో వచ్చు సి విటమిను సుమారు 425 మిల్లీగ్రాములే, మిగిలినది కొవ్వు. సీసాపై 500 అని వ్రాసియున్నచో అది మొత్తపు తూకమో, సి విటమిను తూకమో చూచుకొనవలెను. గోనెతో సహా తూచిన ధాన్యమునకు గోనె బరువు తీసివేయకుండ పద్దు వ్రాయు గుమాస్తాను ఎవరు మెచ్చెదరు?

ఇక కడుపులో జరుగునది. నోట మ్రింగిన ఈ జంట పదార్థము ప్రేగులలోని జీర్ణరసములకు చిక్కి, రక్తమున చేరకమునుపే విడిపోవును: సి విటమిను ఒకవైపు, కొవ్వు ఆమ్లము ఒకవైపు. 2015లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఈ పదార్థమును పునఃపరిశీలించినపుడు, ఆహారమునందు వాడుటకు భయము లేదని తేల్చుటకు ఆధారము చేసికొన్నది ఈ విడిపోవుటనే. ఇచట ఒక వింత గలదు. ఏ గుణము చేత ఇది నిరపాయమని చెప్పబడినదో, ఆ గుణము చేతనే ఇది ఎముకవరకు చెక్కుచెదరక పోవునన్న మాటయు కొట్టుపడుచున్నది. విడిపోయిన పిదప రక్తములోనికి పోవునది నిమ్మకాయలోని సి విటమినే. దానికి వేరు మార్గము లేదు, వేరు కొట్టు లేదు. ఒంటికి పూసికొను లేపనములలో దీని వాడుక వేరు విషయము. చర్మమునకు ప్రేగులు లేవు.

ఒంట నిలుచుట సంగతి కూడ ఇట్టిదే. ఆరోగ్యవంతుని దేహమున సి విటమిను మొత్తము నిలువ సుమారు 1500 మిల్లీగ్రాములు. రోజుకు 200 మిల్లీగ్రాముల వరకు తిన్నదానిని దేహము దాదాపు పూర్తిగ స్వీకరించును. ఒకేమారు 1000 దాటినచో సగమునకు మించి లోనికే పోదు. పోయిన దానిలో మిగులును మూత్రపిండములు గెంటివేయును. చెరువు అలుగు పారుచుండగా పైనుండి ఇంకెంత నీరు వదలిన నేమి? పైగా మితిమీరిన మోతాదు కొందరిలో, ముఖ్యముగ పురుషులలో, మూత్రపిండములలో రాళ్లకు దారితీయవచ్చును. మూత్రపిండములు బలహీనముగనున్నవారు వైద్యునడుగక దీని జోలికి పోరాదు. మన దేశపు ప్రమాణము ప్రకారము దినమునకు కావలసినది 2010 లెక్కలో పెద్దలకు 40 మిల్లీగ్రాములు. 2020 లెక్కలో పురుషులకు 80, స్త్రీలకు 65.

పేర్లలోని గందరగోళము ఒకటి చెప్పి ముందుకు పోవలెను. ‘ఎస్టర్-సి’ అను పేరుగల వస్తువు వేరు. అది ప్రధానముగ సి విటమినునకు సున్నపు ధాతువు చేర్చినది, నీటిలోనే కరుగును, పేరును బట్టి దానిని నేతిలో కరుగునదని భ్రమపడువారు కలరు.

ఇప్పుడు పొదిలి సీమకు తిరిగి వత్తము. 1940లో పండిట్ ప్రభృతులు చెప్పిన మాట తప్పా? కాదు. సి విటమిను లేనిదే ఎముకకు ఆధారమైన కొల్లాజెన్ అను నారపదార్థము సరిగ అల్లుకొనదు. పోషణ లేని దేహమున ఏ విషమైనను ఎక్కువ చెలరేగుట సహజము. అయితే వారు చెప్పినది తీవ్రతను గూర్చి. మూలకారణమును గూర్చి కాదు. దీనికి సాక్షి ఎక్కడనో లేడు; మన దొడ్డిలోనే కలడు. ఎద్దు తనకు కావలసిన సి విటమినును తానే చేసికొనునని పైన చెప్పితిమి. సి విటమిను చాలియున్నంత మాత్రమున ఫ్లోరిను బాధ రానిదైనచో ఎద్దులకు అది రానేకూడదు. కాని ఈ సీమలో మొదట కీళ్లు బిగిసి సాలులో నిలిచిపోయినది ఎద్దే. ఈ యొక్క దృష్టాంతమును మనస్సున నుంచుకొన్నవాని ఎదుట సీసా మీది పెద్ద యక్షరములు నిలువజాలవు.

తరువాతి పరిశోధనలును ఇట్లే జాగ్రత్తగ మాటలాడినవి. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అనువారు మన రాష్ట్రపు ఫ్లోరోసిస్ ప్రాంతములలో పిల్లలకు, యువకులకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానితో నొకటి ఒరసికొను వికారమును వర్ణించిరి. 1977లో ఆ సంస్థవారే లక్ష్మయ్య, శ్రీకంఠయ్యలు వరియన్నము తినువారి కంటె జొన్న తినువారి దేహమున ఫ్లోరైడు ఎక్కువగ నిలుచుచున్నదని చూపిరి. జొన్నసంగటి మీద బ్రతికిన మెట్టసీమకు ఇది చేదుమాటయే. జొన్నను నిందించి ప్రయోజనము లేదు. ఆ పంటయే లేకున్న కరవులలో ఈ సీమ మిగిలెడిది కాదు. 1996లో జైపూరు వైద్యులు ఫ్లోరోసిస్ గల కొలదిమంది పిల్లలకు సున్నపు ధాతువు, డి విటమిను, సి విటమిను కలిపి యిచ్చి, మేలు కనబడినదని ప్రకటించిరి. సంతోషింపదగిన వార్తయే. కాని వారిచ్చినవి మూడు. ఇందెవరి వాటా యెంతయో విడదీసి చెప్పుటకు వీలులేదు. వారు చూచినది ఇంకను పెరుగుచున్న పిల్లలను. ముప్పది నలుబది యేండ్లు గట్టిపడిన ముసలివాని వెన్నును ఏ మాత్రయు తిరిగి సాగదీసినట్లు నిరూపణ లేదు. తండ్రికొరకు సీసా కొను కొడుకునకు ఈ మాట చెప్పుట కష్టమే. చెప్పకుండుట యింకను అన్యాయము.

నీటి సంగతి వేరొక పెద్ద ప్రకరణము, ఇచట క్లుప్తముగ. మన దేశపు ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరు నీరు లేనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చును. 1970వ దశకమున నాగపూరు పరిశోధనశాలవారు పటిక, సున్నము, బ్లీచింగు పొడి వేసి ఫ్లోరైడును తేర్చు విధానము కనిపెట్టి, దానికి నల్లగొండ పేరు పెట్టిరి. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినారు. దర్శి ప్రాంతమునకు కృష్ణాజలము ఆ కుడికాలువ పుణ్యమే. పడమటి మెట్టలకు ఆ భాగ్యము లేకపోయినందుననే, నల్లమల కొండల క్రింద సొరంగములు తొలిచి కృష్ణనీరు తెచ్చుటకు పూల సుబ్బయ్య పేరిట వెలిగొండ పథకమును తలపెట్టిరి. ఈ పల్లెలకు ఎముకల వైద్యుని కంటె కాలువ ఇంజనీరు ముందు కావలసివచ్చుట ఈ చరిత్రలోని విశేషము.

సి విటమిను వలదని దీని భావము కాదు. 1940 నాటి ఆ మాటలో విలువైన భాగమే అది: ఈ సీమ తిండిలో అది చాలదు. ఎండు గింజలలో, అనగా జొన్న, సజ్జ, కొఱ్ఱ, వరిగలలో అది లేనట్లే. పులుపు గదాయని చింతపండును నమ్మరాదు. అందున్నది వేరు పులుపు, సి విటమిను అత్యల్పము. పాత జాతీయ పట్టికలో నూరు గ్రాముల ఉసిరికకు 600 మిల్లీగ్రాములని వ్రాసిరి. 2017 నాటి పట్టికలో 252 అనియున్నది. ఈ తక్కువ లెక్కయే తీసికొన్నను ఒక పెద్ద ఉసిరిక దినమునకు చాలును. పాత పట్టిక ప్రకారము మునగాకున 220, జామపండున 212, పచ్చిమిరపకాయలో 111. మునగచెట్టు లేని పెరడు ఈ పల్లెలలో అరుదు. ఆకును మేకలకు వేసి కాయనే తినుట మన అలవాటు. ఆకును ఎక్కువసేపు ఉడికించి నీరు పారబోసినచో ఫలము లేదు. పెసలు, సెనగలు నానబెట్టి మొలకెత్తించినచో, ఎండు గింజలో లేని సి విటమిను మొలకలో పుట్టును. క్షామకాలమునకు ఇంతకంటె చౌక ఉపాయము లేదు.

ఉసిరిక కార్తీకమున కాపునకు వచ్చును. ఆదివారము తినరాదని, రాత్రివేళ పనికిరాదని పెద్దలు నియమము పెట్టిరి. మిగిలిన ఆరు పగళ్లు చాలినన్ని యున్నవి. వరుగుగ ఎండబెట్టినను, ఉప్పులో ఊరవేసినను కొంత నశించినను కొంత నిలుచును. వేసవి వరకు వచ్చును. కార్తీక వనభోజనములకు ఉసిరిచెట్టు క్రింద విస్తళ్లు వేయు కుటుంబములు నేటికిని కలవు. వారు వంటపాత్రలతోపాటు త్రాగుటకు మంచినీళ్ల డబ్బాలను గూడ బండిలో పెట్టుకొనిపోవుచున్నారు.